పిహెచ్.డి. ఒక్కరి చదువు కాదు, వాడ చదువు

(భద్రాచలం అడవి అంచున ఉన్న ఒక దళితవాడ నుంచి పరిశోధన చదువుకు వెళ్తున్న చెల్లెను సాగనంపే సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)

 

ఇందాక నేను వస్తుంటే బోరింగు దగ్గర ఒక పెద్దమ్మ అడిగింది. "సారూ, మన పిల్ల డాక్టరు చదువుకు పోతున్నదట గదా, వచ్చినంక నా మోకాళ్ళ నొప్పికి సూది వేస్తదా?" అన్నది. చుట్టూ ఉన్నోళ్ళంతా నవ్విండ్రు. నాకు నవ్వు రాలేదు. పెద్దమ్మ అడిగిన దాంట్లో న్యాయం ఉంది. ఈ చదువుతో మన వాడకు ఏ నొప్పి తగ్గుతది అని ఆమె అడుగుతున్నది. దానికి జవాబు చెప్పకుండా చెల్లెను బస్సెక్కిస్తే మనం సగం పనే చేసినట్టు.

ముందు ఈ చదువేందో చెప్పుకుందాం. ఎం.ఏ., ఎమ్మెస్సీ దాకా ఎవరో రాసింది చదివి మనం పరీక్ష రాస్తాం. పిహెచ్.డి.లో అట్ల కాదు. ఇంతవరకు ఎవరూ తేల్చని సంగతి ఒకటి పట్టుకోవాలి. ఆధారాలు వెతకాలి. తేల్చింది పుస్తకంగా రాయాలి. పెద్దల ముందు నిలబడి వాళ్ళడిగిన దానికి జవాబు చెప్పాలి. ఆ పుస్తకాన్ని థీసిస్ అంటారు, దారి చూపే ప్రొఫెసరును గైడ్ అంటారు, చివరి పరీక్షను వైవా అంటారు. యు.జి.సి. 2022 నియమాల్లో దీనికి తక్కువలో తక్కువ మూడేళ్ళు, ఎక్కువలో ఎక్కువ ఆరేళ్ళు గడువు పెట్టారు. ఆ మీద రెండేళ్ళు పొడిగింపు దొరకవచ్చు. ఆడవాళ్ళకు ఇంకో రెండేళ్ళ సడలింపు, కాన్పుకూ పిల్లల సాకుడుకూ 240 రోజుల దాకా సెలవు ఉన్నాయి. కాబట్టి వచ్చే దసరాకే "ఇంకా అయిపోలేదా?" అని ఎవరూ అడగొద్దు.

వాడకు ఏం లాభం?

మన అడవి గురించి రాయడానికి బయటివాళ్ళు చాలామంది వచ్చారు. హైమెన్‌డార్ఫ్ దొర గోదావరి ఒడ్డు కొండల్లో తిరిగి కొండరెడ్ల మీద రాసిన పుస్తకం 1945లోనే అచ్చయింది. ఆ తర్వాత వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఎన్ని పూటలు తింటరు, ఎంత అప్పుంది అని అడిగి రాసుకుంటారు, ఫొటో తీసుకుంటారు, పోతారు. చివరికి పట్టా వాళ్ళకు, ప్రశ్నలు మనకు. వాళ్ళంతా చెడ్డవాళ్ళని నేననను. కానీ అడిగేది ఎప్పుడూ వాళ్ళు, చెప్పేది ఎప్పుడూ మనం. ఇది ఎన్నాళ్ళు?

ఇక మన సొంత సంగతికి వద్దాం. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఆదివాసీలైతే 2005 డిసెంబరు 13 నాటికి ఆ అడవి భూమిలో ఉండి, దానిమీద బతుకుతుండాలి. మనలాగ ఆదివాసీలు కాని వాళ్ళయితే ఆ తేదీకి ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్ళుగా ఇక్కడే ఉంటూ అడవి మీద బతికినట్టు చూపాలి. మన తాతకు సంతకమే రాదు, కాగితం ఎక్కడిది? వెట్టి చేసినోడికి రశీదు ఎవడిచ్చిండు?

కానీ అదే చట్టం కింద చేసిన నియమాలు చదవండి. సర్కారు పాత రికార్డులు ఆధారమే. పెద్దమనుషుల మాట రాసి పెడితే అదీ ఆధారమే. పేరున్న సంస్థల పరిశోధనలు కూడా ఆధారంగా చూపవచ్చు. మరి ఆ రికార్డు ఎక్కడుంది? గోదావరికి ఇవతల పాల్వంచ వైపుది నిజాం రాజ్యం. అవతల భద్రాచలం వైపుది మద్రాసు సర్కారు. స్వాతంత్ర్యం వచ్చినంక కూడా భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండి, ఆ తర్వాతే ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ముంపు పేరు చెప్పి చింతూరు, కూనవరం, వర రామచంద్రపురం వైపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. 2016లో ఇటు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. మన ముసలమ్మ పుట్టిన గుడిసె ముందు నుంచి కదల్లేదు. ఆమె చుట్టూ జిల్లాలు మారినయి, రాష్ట్రాలు మారినయి, కాగితాలు తలోదిక్కు పోయినయి.

ఆ కాగితం ఏ ఆఫీసు బీరువాలో ఉందో వెతికి, ఉర్దూలో ఉంటే చదివించి, ముసలమ్మ చెప్పిన మాటతో పక్కపక్కన పెట్టి చూడగల మనిషి మనకు కావాలి. ఆ పని నేర్పే చదువే పరిశోధన. పెద్దమ్మా, ఈ పిల్ల నీ మోకాలికి సూది వేయదు. నువ్వు ఈ గడ్డ మీదనే పుట్టినవని రుజువు చేసే విద్య నేర్చుకొని వస్తది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇది ఆదివాసీల భూమి మీద కన్నేసే మాట కాదు. 1/70 చట్టం వాళ్ళకు రక్ష, దాన్ని మనమూ కాపాడాలి. ఎవరు ఎప్పటి నుంచి ఉన్నారో నిజం తేలితే కోయ గూడేనికీ మేలే, మాల మాదిగ వాడకూ మేలే. మన ఇద్దరికీ తగాదా పెట్టి బతికేవాడికే అందులో నష్టం.

నేనెందుకు మధ్యలో దిగిపోయిన

నేను గెలిచి వచ్చి మాట్లాడుతున్న మనిషిని కాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేను. పిహెచ్.డి.లో చేరి, రెండేళ్ళు తిరిగి, వదిలేసిన. ఫెలోషిప్ నెలల తరబడి రాలేదు. మెస్సు బాకీ పెరిగింది. ఒకరోజు గైడు నా కాగితాలు పక్కకు జరిపి, నీ ఇంగ్లీషుతో ఇది కాదులే అన్నడు. నేను ఆ మాట నమ్మిన. మళ్ళీ ఆయన గదికి పోవాలంటే కాళ్ళు వణికేవి. ఇంట్లో చెప్పలేదు, సంఘంలో చెప్పలేదు. అమ్మ మిరపకాయలేరిన కూలి డబ్బులు పంపిస్తే, ఫెలోషిప్ వచ్చిందని అబద్ధం చెప్పి వాపసు పంపిన. డి.ఎస్సీ.లో టీచరు ఉద్యోగం రాగానే ఊపిరి పీల్చుకొని వచ్చేసిన. పిల్లలకు పాఠం చెబుతున్నందుకు నాకు చింత లేదు. కానీ అటక మీద ఇనుపపెట్టెలో ఆ నోటు పుస్తకాలు ఇంకా ఉన్నయి. దించడానికి ఇప్పటికీ చెయ్యి రాదు.

ఇప్పుడు ఆలోచిస్తే నేను చేసిన తప్పులు మూడు. జరిగింది వ్యవస్థ లోపమైతే అది నా తక్కువతనం అనుకున్న. ఏదీ కాగితం మీద పెట్టలేదు. ఒక్కణ్ణే మోసిన. చెల్లే, ఈ మూడూ నువ్వు చేయొద్దు.

చెల్లెకు చెప్పే మాటలు

మొదటిది డబ్బు. 2023 జనవరి నుంచి జె.ఆర్.ఎఫ్.ను నెలకు 37,000, తర్వాతి ఎస్.ఆర్.ఎఫ్.ను 42,000 రూపాయలు చేశారు. చెవికి బాగుంటది. కానీ అది ప్రతి నెలా ఒకటో తారీఖున పడే జీతం కాదు. గైడు సంతకం, ఆఫీసు ధ్రువీకరణ పోతేనే కదులుతది. 2025లో విదేశీ చదువుల జాతీయ స్కాలర్‌షిప్‌కు 106 మందిని ఎంపిక చేసి, ముందు 40 మందికే ఉత్తర్వులిచ్చి, మిగతావాళ్ళకు నిధులుంటే చూస్తామన్నారు. అందుకని మొదటి డబ్బు పడగానే కనీసం ఆరు నెలల తిండి ఖర్చు పక్కన పెట్టు. ఆగితే నోటితో అడగకు, దరఖాస్తు రాసి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకో. అయినా కదలకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. నా ఫైలు ఎవరి బల్ల మీద ఎన్ని రోజులుందని అడుగు. ముప్పై రోజుల్లో జవాబు చెప్పాలి.

రెండోది గైడు. పేరు చూసి పోవద్దు. ఆయన దగ్గర ఇప్పటికి ఎంతమంది పూర్తి చేసిండ్రు, మన పిల్లలు ఎంతమంది నిలిచిండ్రు అని సీనియర్లను అడుగు. గైడుకు తోడు పరిశోధన సలహా సంఘం ఉంటది. ప్రతి సెమిస్టరుకు దాని ముందు నీ పని చూపించాలి. ఆ రోజును తప్పించుకోకు, ఇద్దరు ముగ్గురు పెద్దలు నీ పని చూసినట్టు కాగితం మీద పడే రోజు అదే. గైడు చెప్పిన మార్పులు ఆ రాత్రే తారీఖు వేసి రాసుకో. ఎంతకూ కుదరకపోతే గైడును మార్చమని అడగవచ్చు, అది నేరం కాదు. కులం పేరుతో తక్కువ చేస్తే చెప్పుకోడానికి సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలని యు.జి.సి. 2012లోనే నియమం చేసింది. చేరిన వారంలోనే ఆ అధికారి గది ఎక్కడుందో చూసి రా.

మూడోది రాత. ఇంగ్లీషు మన అమ్మ నేర్పలేదు, అందులో సిగ్గేముంది? ముందు నీ మాటల్లో తెలుగులో రాయి, ఆలోచన గట్టిపడ్డాక ఇంగ్లీషులోకి మార్చు. థీసిస్‌ను చూసి భయపడకు. తునికాకు కోతకు పోయినప్పుడు వెయ్యి కట్టల బస్తాను చూసి ఎవరన్నా భయపడతరా? యాభై ఆకులకు ఒక కట్ట, కట్ట మీద కట్ట. రోజుకు ఒక పేజీ రాయి. బాగా లేకపోయినా రాయి. దిద్దడానికి కాగితం మీద ఏదో ఒకటి ఉండాలి గదా.

నాలుగోది, రాసింది వాపసు వస్తే? వస్తది. బాబాసాహెబ్ చదువు చూడు. బరోడా మహారాజు స్కాలర్‌షిప్‌తో 1913లో అమెరికా కొలంబియాకు పోయిండు. 1916లో లండన్ చేరిండు. ఏడాది తిరగకుండానే స్కాలర్‌షిప్ గడువు అయిపోయి చదువు సగంలో ఆపి రావాల్సి వచ్చింది. యుద్ధంలో ఓడ మునిగి పుస్తకాలు సముద్రం పాలైనయి. బరోడాలో ఉద్యోగంలో చేరితే అంటరానివాడని ఉండటానికి గది దొరకలేదు. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టిన డబ్బుతో, సాహు మహారాజ్ సాయంతో, ఒక స్నేహితుడి దగ్గర అప్పుతో 1920లో మళ్ళీ లండన్ పోయిండు. రూపాయి సమస్య మీద రాసిన థీసిస్‌ను పరీక్షకులు మార్చి రాయమన్నారు. మార్చి రాసిండు. 1923లో డి.ఎస్సీ. వచ్చింది. కొలంబియా పిహెచ్.డి. పట్టా చేతికొచ్చేసరికి 1927. మొదలుపెట్టినప్పటి నుంచి పద్నాలుగేళ్ళు! అంబేడ్కర్ థీసిసే దిద్దుబాటుకు వచ్చింది. నీ చాప్టరు నిండా ఎర్ర గీతలతో వస్తే ఆ రోజు కడుపు నిండా తిని పడుకో, తెల్లారి కూర్చొని దిద్దు.

అయిదోది అన్నిటికంటే పెద్దది, ఒంటరితనం. 2008లో సెంథిల్ కుమార్, 2013లో మాదారి వెంకటేష్, 2016 జనవరి 17న వేముల రోహిత్. ముగ్గురూ హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న పిల్లలే. రోహిత్‌ను, ఇంకో నలుగురిని హాస్టల్ నుంచి బయటికి పంపితే, గుడారం వేసుకొని దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నరు. ఏడు నెలల ఫెలోషిప్ 1,75,000 రూపాయలు రావాల్సి ఉందని చివరి ఉత్తరంలో రాసి పోయిండు. తల్లి రాధిక మిషను కుట్టి పెంచిన కొడుకు. ఆ బిడ్డల పేర్లు మనం నినాదంగా పలుకుతాం, పలకాలి కూడా. కానీ మనకు ఇంకో అమరుడు వద్దు. చదువు పూర్తి చేసి ఇంటికొచ్చే బిడ్డ కావాలి. చెల్లే, మనసు కుంగితే దాచుకోకు. అర్ధరాత్రి అయినా నాకు ఫోన్ చెయ్. టెలి మానస్ అని 14416 నంబరుంది, ఎప్పుడైనా మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. చదువు ఆపి రావాల్సి వచ్చినా రా. చదువు మళ్ళీ దొరుకుతది, నువ్వు దొరకవు.

వాడ చేయాల్సింది

ఇప్పుడు పెద్దలకు చెబుతున్న. ఈ భారం చెల్లె ఒక్కదాని నెత్తి మీద పెట్టొద్దు. తునికాకు సీజన్లో ఇంటికి ఒకరోజు కూలి తీసి సంఘం దగ్గర నిధి పెడదాం. ఫెలోషిప్ ఆగిన నెల ఆమెకు అందులోంచి పోవాలి. డబ్బు పడ్డాక ఆమె తిరిగి కడుతుంది, అది తర్వాతి పిల్లకు పనికొస్తది. ఆమె ఫెలోషిప్‌ను ఇంటి స్లాబుకూ తమ్ముడి పెళ్ళికీ లెక్కలు కట్టొద్దు. "ఇంకా చదువేనా, పెళ్ళెప్పుడు?" అని పండక్కు వచ్చిన ప్రతిసారీ అడిగితే ఆమె పండక్కు రావడం మానేస్తది. కార్యకర్తలు నెలకొకసారి ఫోన్ చేసి, చదువెంత దాకా వచ్చిందని కాదు, అన్నం తిన్నవా అని అడగండి. అవసరమైతే నలుగురం కలిసి ఆ ఆఫీసు ముందు నిలబడదాం.

అయ్యే పనేనా అంటారా? మన పక్క ములుగు కోయబిడ్డ సీతక్క అడవిలో తుపాకి పట్టి, బయటికొచ్చి, లా చదివి, ఎమ్మెల్యే అయి, 2022లో యాభై దాటినంక ఉస్మానియాలో పిహెచ్.డి. పొందింది. రాసింది దేని మీద? వరంగల్, ఖమ్మం అడవులకు వలసొచ్చిన గొత్తికోయల మీద. అనంతపురం జిల్లాలో సాకే భారతి కూలికి పోతూనే చదివి, 2023లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం నుంచి కెమిస్ట్రీలో పిహెచ్.డి. తీసుకున్నది. వాళ్ళు మనలాంటి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే.

చెల్లే, ఆ ఇనుపపెట్టె దించి నీకు ఇస్తున్న. అందులో నేను కలిసిన ముసలోళ్ళ మాటలున్నయి. అందులో చాలామంది ఇప్పుడు లేరు. నేను ఆపిన చోటు నుంచే మొదలుపెట్టమని చెప్పను, నీ ప్రశ్న నీది. పనికొస్తే వాడుకో. నీ వైవా రోజు మాత్రం కబురు పంపు. లోపలికి రానిచ్చినా, రానీయకపోయినా, ఈ పెద్దమ్మను తీసుకొని వచ్చి తలుపు దగ్గర నిలబడతం.

జై భీమ్!