అనుభవం కొంటే రాదు
(స్వర్ణోత్సవ సభలో కళాశాల విద్యార్థుల కోసం చేసిన ప్రసంగం)

 

ముప్ఫై ఏళ్ళుగా ఎలక్ట్రికల్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. కొన్నేళ్ళుగా ఇంటర్వ్యూల్లో ప్రశ్నలు అడిగేవైపు కూర్చుంటున్నాను. అక్కడ గమనించిన విషయాలే చెబుతాను.

చాలామంది రెజ్యూమెల్లో ప్రాజెక్టు పేరు ఘనంగా ఉంటుంది. "ఈ మోటారే ఎందుకు తీసుకున్నావు?" అంటే జవాబు ఉండదు. రిపోర్టుతో సహా డబ్బిచ్చి కొన్నదని మాకు రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది. ఒక అబ్బాయి మాత్రం తమ పొలంలో బోరు మోటారు మాటిమాటికీ ఎందుకు కాలిపోతోందో తెలుసుకోవాలని, వారం రోజులు మూడు ఫేజుల ఓల్టేజి కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాడు. ఫేజుల మధ్య ఓల్టేజిలో కొద్ది తేడా ఉన్నా కరెంటులో ఎన్నో రెట్ల తేడా వస్తుందని మాకే వివరించాడు. ఆ నోటుబుక్కుకు ఖర్చెంత?

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. రెండు మూడేళ్ళు పనిచేసినట్టు దొంగ కాగితాలు అమ్మేవాళ్ళున్నారు. బ్యాక్‌డోర్ ఉద్యోగమని లక్షలు అడిగేవాళ్ళున్నారు. మీరు ఏ కంపెనీలో, ఏ నెల నుంచి ఏ నెల దాకా ఉన్నారో పీఎఫ్ యూఏఎన్ రికార్డు చెప్పేస్తుంది. ఈ తనిఖీ చేరిన తర్వాత కూడా జరుగుతుంది. పట్టుబడితే ఉద్యోగం పోతుంది, నాన్న తెచ్చిన అప్పు మిగులుతుంది.

నిజమైన అనుభవానికి దారులున్నాయి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద, డిగ్రీ లేదా డిప్లొమా పాసైనవారు ఎన్‌ఏటీఎస్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని ఏడాది అప్రెంటిస్‌గా చేరవచ్చు. స్టైపెండ్ ఇస్తారు, చివర ప్రభుత్వ సర్టిఫికెట్ వస్తుంది. ఇది మన పిల్లల్లో చాలామందికి తెలియదు.

గేట్ పరీక్ష మూడో సంవత్సరంలోనే రాయవచ్చు. నూరు మార్కుల్లో 15 జనరల్ ఆప్టిట్యూడ్‌కే. స్కోరు 3 సంవత్సరాలు చెల్లుతుంది. ఎంటెక్‌కే కాదు, కొన్ని ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగాలకూ పనికొస్తుంది. ఐఐటీల అధ్యాపకుల పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు.

కాబట్టి మూడో సంవత్సరంలో మూడు పనులు పెట్టుకోండి: సొంతంగా చేసిన ఒక చిన్న ప్రాజెక్టు, బాగా పట్టుబడిన రెండు సబ్జెక్టులు, చేసినదాన్ని తెలుగులోనైనా ఇంగ్లీషులోనైనా ఐదు నిమిషాలు తడుముకోకుండా చెప్పే అలవాటు. మొదట తెలుగులో చెప్పగలిగితే ఇంగ్లీషు దాని వెనకే వస్తుంది.

చివరిగా ఒక విన్నపం. నిజంగా పని ఇచ్చేవాడు ఉద్యోగానికి డబ్బు అడగడు. ఎవరికైనా కట్టే ముందు మన సంఘంలో ఒక అన్ననో, అక్కనో అడగండి. పూర్వ విద్యార్థులుగా మేం బడికి బెంచీలు, కంప్యూటర్లు ఇచ్చాం. మీకు ఒక గంట సమయం ఇవ్వడానికి వెనుకాడం.