గుండెల్లో మంటా? ఏ పరీక్ష ఎందుకో తెలుసుకోండి



ఛాతీలో మంట రాగానే గ్యాస్ అనుకుని సోడా తాగి ఊరుకోకండి. నొప్పి చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ముందు ఈసీజీ తీయించాలి.

గుండె బాగుందని తేలితే, డాక్టరు కొన్ని వారాలు ఆమ్లం తగ్గే మాత్రలిచ్చి చూస్తారు. అయినా తగ్గకపోతే, లేదా ముద్ద దిగకపోయినా, ఊరికే బరువు తగ్గినా, విరేచనం నల్లగా అయినా ఎండోస్కోపీ అవసరం. కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని నోట్లోంచి పంపి చూస్తారు. కోత ఉండదు, భయపడకండి. ఎన్ని గంటలు పరగడుపున ఉండాలో, షుగర్ మందులు వేసుకోవాలో వద్దో ముందే అడగండి.

అందులో ఏమీ కనబడకపోయినా మీ మంట అబద్ధం కాదు. ముక్కులోంచి సన్నటి తీగ వేసి 24 గంటలు ఆమ్లాన్ని కొలిచే పీహెచ్ పరీక్ష కూడా ఉంది.

కార్డు తీసుకెళ్లి నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. ఏ పరీక్ష పథకం కిందికి వస్తుందో అడిగాకే డబ్బు సంగతి.