వంద చీటీలు, ముగ్గురు విజేతలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

స్వర్ణోత్సవాల్లో మనవాళ్ళ హాబీల ప్రదర్శన పెడుతున్నాం. తపాలా బిళ్ళలు, ఫోటోలు, పాత నాణేలు, మిద్దెతోటలు, ముగ్గులు అన్నీ ఒక్కచోట చూడబోతున్నాం. మేటి ప్రదర్శనను సభ్యులే ఓటు వేసి ఎన్నుకోవాలని కార్యవర్గం తీర్మానించింది. ఆ ఓట్లు లెక్కపెట్టే పద్ధతి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. "ఇందులో చెప్పడానికేముంది, ఎక్కువ ఓట్లు వచ్చినవారికి ఇచ్చేయడమే కదా" అని మీలో చాలామంది అనుకుంటూ ఉంటారు. చిక్కంతా ఆ "ఎక్కువ" అన్న మాట దగ్గరే ఉంది.

ఒక ఊహాలెక్క వేద్దాం. బరిలో మూడు ప్రదర్శనలు మిగిలాయి: బిళ్ళలు, ఫోటోలు, మిద్దెతోట. ఓటర్లు వందమంది. ప్రతి ఒక్కరూ తమ ఇష్టప్రకారం 1, 2, 3 అని అంకెలు వేశారు. 40 మంది బిళ్ళలు, తోట, ఫోటోలు అన్న వరసలో వేశారు. 35 మంది ఫోటోలు, తోట, బిళ్ళలు అన్నారు. మిగిలిన 25 మందికీ తోటే మొదటిది. వారిలో 18 మందికి రెండోది ఫోటోలు, 7 మందికి బిళ్ళలు.

మొదటి అంకె మాత్రమే చూస్తే బిళ్ళలు 40 ఓట్లతో గెలుస్తాయి. కాని మిగతా 60 మందిలో 53 మంది బిళ్ళలను చివరన పెట్టారు. మన దగ్గర దీనికి ఇంకో ముప్పు కూడా ఉంది. కొన్ని బ్యాచ్‌లు బస్సు మాట్లాడుకుని వస్తాయి, కొన్ని బ్యాచ్‌ల నుంచి నలుగురైదుగురే వస్తారు. తలా ఒక్క ఓటే ఉంటే, పెద్ద బ్యాచ్‌వాళ్ళందరూ తమ స్నేహితుడికే వేస్తే, ఆ బహుమతి బ్యాచ్ బలానికి ఇచ్చినట్లవుతుంది.

రెండో పద్ధతి మన ఉపాధ్యాయులకు బాగా తెలుసు. ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికల్లో ప్రాధాన్యత ఓట్లు వేసేది ఇలాగే. ఎవరికీ సగానికి మించి రాకపోతే, అందరికంటే తక్కువ వచ్చినవారిని తీసేసి, వారి చీటీలను తరవాతి ప్రాధాన్యత ప్రకారం పంచుతారు. పత్రికలు ఎలిమినేషన్ అని రాసేది దీన్నే.

1969 రాష్ట్రపతి ఎన్నిక ఈ రెండో ప్రాధాన్యత మీదే తేలింది. ఒకవైపు బరంపురంలో పుట్టిన వి.వి. గిరి, మరోవైపు అనంతపురం జిల్లా ఇల్లూరు బిడ్డ నీలం సంజీవరెడ్డి, మూడో పోటీదారు మన దుర్గాబాయిగారి భర్త సి.డి. దేశ్‌ముఖ్. మొదటి లెక్కలో ఓట్ల విలువ గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్‌గారికి 1,12,769. గెలవడానికి కావలసింది 4,18,169. మిగతావారి ఓట్లు పంచాక గిరిగారు 4,20,077 తో గెలిచారు. సంజీవరెడ్డిగారు 4,05,427 దగ్గర ఆగారు. దాదాపు 88 వేల తేడా 15 వేలలోపుకు వచ్చింది.

మన లెక్కలో ఈ పద్ధతి వాడితే మొదట పోయేది తోట. దాని 25 చీటీల్లో 18 ఫోటోలకు, 7 బిళ్ళలకు వెళతాయి. ఫోటోలు 53, బిళ్ళలు 47. విజేత మారిపోయింది.

మూడోది మార్కుల పద్ధతి. 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో బోర్డా అనే గణితవేత్త దీన్ని ప్రతిపాదించాడు. మొదటి స్థానానికి 2, రెండో స్థానానికి 1, చివరిదానికి సున్నా మార్కులు. బిళ్ళలకు 87, ఫోటోలకు 88, తోటకు 125 వస్తాయి. ఇప్పుడు తోట గెలిచింది. అవే వంద చీటీలు, ముగ్గురు విజేతలు!

మార్కుల పద్ధతికి ఒక బలహీనత ఉంది. మనవాడికి గట్టి పోటీ ఎవరో చూసుకుని, నిజంగా నచ్చినా సరే వారిని అట్టడుగున పెట్టేయవచ్చు. పోటీలో ప్రదర్శనలు ఎన్ని ఎక్కువైతే ఈ ఎత్తు అంత బాగా పారుతుంది.

నాలుగోది అదే కాలంలో, అదే దేశంలో కాండోర్సే 1785లో ముద్రించిన ఆలోచన. ప్రదర్శనలను రెండేసి చొప్పున ముఖాముఖి నిలబెట్టి, ఈ రెండింటిలో ఎక్కువమంది దేన్ని పైన పెట్టారో అవే చీటీల్లోంచి చూడాలి. ప్రతి జోడీలోనూ నెగ్గినదే విజేత. మన లెక్కలో తోట బిళ్ళల మీద 60–40తో, ఫోటోల మీద 65–35తో నెగ్గింది.

"పాతికమందికి మొదట నచ్చినదానికి బహుమతా?" అని ఎవరైనా అడగవచ్చు. మిగిలిన 75 మంది దాన్ని రెండో స్థానంలో పెట్టారు, చివరన పెట్టినవారు ఒక్కరూ లేరు. పదవికి మనిషిని ఎన్నుకునేటప్పుడు గట్టి మద్దతుదారుల సంఖ్యకు విలువ ఎక్కువ ఇవ్వవచ్చు. కాని హాబీ బహుమతి అందరూ కలిసి చేసే మెచ్చుకోలు. ముఖాముఖిలో గెలిచినదాని కంటే మరొకటి మేలని ఎక్కువమంది అన్న దాఖలా ఆ చీటీల్లో ఎక్కడా ఉండదు. ఓడినవారు కూడా లెక్క చూసి ఒప్పుకోగలరు. అందుకే నా ఓటు ఈ పద్ధతికి.

దీనికీ ఒక చిక్కుంది. ఒక్కోసారి మొదటిది రెండోదాని మీద, రెండోది మూడోదాని మీద, మూడోది తిరిగి మొదటిదాని మీద గెలిచి చక్రంలా తిరగవచ్చు. రాయి, కాగితం, కత్తెర ఆట లాగా. ఈ సంగతి కాండోర్సే కూడా గమనించాడు. ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమంది పోటీలో ఉన్నప్పుడు, న్యాయమని మనకు తోచే కొన్ని షరతులన్నిటినీ ఒకేసారి తీర్చే ప్రాధాన్యత పద్ధతి ఉండదని 1951లో కెనెత్ ఆరో నిరూపించాడు. ఆయనకు 1972లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. కాబట్టి దోషంలేని పద్ధతి కోసం వెతకడం మాని, మన పనికి తగినదాన్ని ఎంచుకుందాం. చక్రం పడితే అప్పుడు మాత్రం మార్కులు లెక్కేద్దాం. డంకన్ బ్లాక్ అనే పండితుడు సూచించిన దారి అదే.

ఇక ఆచరణ. పది ప్రదర్శనలుంటే 45 జోడీలు అవుతాయి, ఐదుంటే పదే. అందుకని మొదటిరోజు నచ్చినవాటన్నిటికీ టిక్కు పెట్టించి, ఐదింటిని తేలుద్దాం. రెండోరోజు ఆ ఐదూ ఒకే హాల్లో పెడదాం. మూలగదిలో ఉండి ఎవరి కంటా పడనందువల్ల ఓడిపోయామన్న మాట ఎవరి నోటా రాకూడదు. ఓటరు ఎన్నిటికి అంకెలు వేసినా చీటీ చెల్లుతుంది. అంకె వేయనివన్నీ, వేసినవాటి కింద సమానంగా ఉన్నట్లు లెక్క. చీటీ మీద పేరు, బ్యాచ్ ఉండకూడదు. లెక్కింపు లెక్కల మాస్టార్ల సమక్షంలో జరగాలి. ప్రతి జోడీ ఫలితమూ నోటీసుబోర్డు మీద పెట్టాలి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి. ఏ పద్ధతో ఇవాళే తీర్మానం రాసి, సంతకాలు చేద్దాం. పెట్టె తెరిచాక పద్ధతి గురించి మాట్లాడితే, ఇందాకటి లెక్కలో చూశారుగా, ముగ్గురిలో ఎవరినైనా గెలిపించవచ్చు. అలా వచ్చిన జ్ఞాపికను పుచ్చుకున్నవాడు కూడా అలమరలో పెట్టుకోవడానికి మొహమాటపడతాడు. యాభై ఏళ్ళ స్నేహాలు అంతకంటే విలువైనవి.