ఒంటితలనొప్పి - నివారణౌషధముల గుణదోషములు



కణత నొకప్రక్క పట్టుకొని, వెలుతురు చూడజాలక, వాంతులతో చీకటిగదిలో పడియుండు వ్యాధి మనకు క్రొత్తది కాదు. సుశ్రుతుడు పదునొకండు శిరోరోగములను చెప్పుచు దీనిని అర్ధావభేదకమని పేర్కొనెను. మనము ఒంటితలనొప్పి యందుము. నేటి వైద్యులు మైగ్రేను అందురు. ఇది పురుషులకంటె స్త్రీలకు అధికము.

నొప్పి వచ్చినప్పుడు మ్రింగు మాత్ర వేరు; నొప్పి రాకుండ ప్రతిదినము సేవించు మందు వేరు. మొదటిదానిని నెలకు 10, 15 దినములకు మించి వాడినచో ఆ మాత్రయే తలనొప్పిని పెంచును. కావున పలుమారులు బాధపడువారికి వైద్యులు రెండవదాని నిత్తురు.

ఈ నివారణౌషధములలో పెక్కులు అన్యరోగములకై పుట్టినవి. గుండెనొప్పికై యిచ్చిన ప్రొప్రనొలాల్ తలనొప్పిని సైతము తగ్గించుట 1966లో తెలియవచ్చెను. అందుచేతనే ఇవి తలనే గాక తక్కిన అవయవములనుగూడ తాకును. ప్రొప్రనొలాల్ వలన నాడి మందగించును, అలసట కలుగును, చేతులు చల్లబడును. ఉబ్బసము గలవారికిది అపాయకరము. అమిట్రిప్టిలిన్ నిద్రమత్తు, నోరెండుట, మలబద్ధము, బరువు పెరుగుట కలిగించును. మూత్రము కష్టముగ పోవు వృద్ధులును, కంటిలో నీటియొత్తిడి గలవారును ముందుగా వైద్యునితో చెప్పవలయును. ఫ్లునారిజిన్ మత్తును, బరువును, మనోవిషాదమును తేగలదు; వృద్ధులకు చేతివణకు పుట్టింపవచ్చును. టోపిరమేట్ వలన వ్రేళ్లు తిమ్మిరెక్కును, మాట తట్టదు, బరువు తగ్గును, మూత్రపిండములలో రాళ్లు పుట్టవచ్చును; చెమట తగ్గును గావున ఎండలో పనిచేయువారికి జాగ్రత్త యవసరము. వాల్ప్రోయేట్ బరువు పెంచును, జుట్టు రాల్చును, కాలేయమునకు హాని చేయవచ్చును. ఈ తుదిరెండును గర్భస్థశిశువునకు కీడు చేయునవి. 2018 మొదలు వచ్చిన సూదిమందులు మైగ్రేనుకొరకే నిర్మింపబడినవి; వీనికి వికారములు తక్కువ, వెల మిక్కుటము.

వీనిలో ఏది మేలని యడిగిన, ఎవరికని తిరిగి యడుగవలసియున్నది. బక్కపలుచని వానికి బరువు పెంచు మందు కీడు కాకపోవచ్చును; స్థూలకాయునకు కీడగును. నిద్రపట్టని వానికి మత్తు మేలే. తెల్లవారుజామున నాగలిపట్టువానికి కాదు.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల గ్రామములలో నేను చూచిన దొకటి గలదు. ఒకరికి గుణమిచ్చిన మాత్రలచీటిని పొరుగువారు తీసికొనిపోయి, అవే మాత్రలు కొని వాడుదురు. నొప్పి యొకటియే కావచ్చును, దేహము ఒకటి కాదు. అత్తకు సరిపడిన మాత్ర గర్భిణియైన కోడలికి విషప్రాయము కావచ్చును. కోడలు తలనొప్పి యన్నప్పుడు పనిదొంగతనమని తలపక, గర్భమున్నదా, గర్భము కోరుచున్నదా యను మాట ఆమెయే వైద్యునితో నిస్సంకోచముగ చెప్పుకొను వీలు కలిగించుట పెద్దలమైన మన విధి.

మందు కొలదిమోతాదుతో ఆరంభించి మెల్లగా పెంతురు. ఫలము తెలియుటకు రెండుమాసములు పట్టును. వికారము పుట్టినచో వైద్యునకు తెలుపవలయును. తమంతట హఠాత్తుగ మానరాదు, ప్రొప్రనొలాల్ విషయమున మరింత కూడదు. ఏబదియేండ్లు దాటిన పిదప క్రొత్తగా పుట్టిన తలనొప్పిని ఒంటితలనొప్పియని నిశ్చయించుకొనక పరీక్ష చేయించుకొనవలయును.

పుర్రెకో బుద్ధి యన్నట్లే దేహమునకో మందు. ఈ మాటను మీ యిరుగుపొరుగులకు తెలుపుడని వేడుచు విరమించుచున్నాను.