కొవ్వు ఆమ్లాల వాహక ప్రోటీన్లు, కణపు పొరలు

వేరుశనగ నూనెలోను నువ్వుల నూనెలోను సమృద్ధిగా ఉండే ఒలీయిక్ ఆమ్లం వంటి పొడవైన గొలుసు గల కొవ్వు ఆమ్లాలు నీటిలో దాదాపు కరగవు. కణం లోపల నిండి ఉన్న కణద్రవంలో అధిక భాగం నీరే. అందుచేత పేగు గోడలోని కణంలోకి ప్రవేశించిన కొవ్వు ఆమ్లపు అణువు, అక్కడి నుంచి దానిని తిరిగి ట్రైగ్లిజరైడుగా కూర్చే లోపలి పొరల దాకా ఎలా చేరుతుందన్నది శాస్త్రజ్ఞులను చాలాకాలం వేధించిన ప్రశ్న. పేగు, కాలేయం, గుండె కండరం మొదలైన వాటి కణద్రవంలో కొవ్వు ఆమ్లాన్ని పట్టి ఉంచే ప్రోటీను ఉన్నదని 1972లో రాబర్ట్ ఆక్నర్, ఆయన సహచరులు ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. అది ఒకే ప్రోటీను కాదని, ఒక్కొక్క కణజాలానికి తగిన రూపం గల ప్రోటీన్ల కుటుంబమని తర్వాత తేలింది.

ఈ కుటుంబంలోనివన్నీ చిన్న ప్రోటీన్లే. ఒక్కొక్కదాని భారం 14 నుంచి 15 వేల డాల్టన్లు, అందులోని అమైనో ఆమ్లాలు సుమారు 130. పది బీటా పోగులు, అంటే సాగదీసినట్లుండే ప్రోటీను గొలుసు భాగాలు, పక్కపక్కన చేరి ఒక గిన్నెలా ఏర్పడగా, దాని అంచున మెలికలు తిరిగిన రెండు చిన్న ఆల్ఫా సర్పిలాలు మూతలా అమరి ఉంటాయి. కొవ్వు ఆమ్లం లోపలి కుహరంలో నీటి తాకిడికి చాలావరకు దూరంగా ఒదిగి ఉంటుంది. కాలేయపు ప్రోటీను మాత్రం రెండు అణువులను పట్టుకోగలదు; మిగిలినవి సాధారణంగా ఒక్కదానినే.

ఆకారం ఒకటే కనుక పని చేసే తీరూ ఒకటే అయి ఉంటుందని భావించడం సహజం. ఆ భావన సరికాదని చూపినవి అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జుడిత్ స్టార్చ్, ఆమె సహచరులు చేసిన ప్రయోగాలు. ప్రోటీను కుహరంలో ఉన్నప్పుడు ప్రకాశవంతంగా మెరిసే అణుభాగాన్ని కొవ్వు ఆమ్లానికి తగిలించి, ఆ మెరుపును అణచివేసే మరొక పదార్థాన్ని ఫాస్ఫోలిపిడ్లతో చేసిన అతి చిన్న కృత్రిమ పొరసంచులలో చేర్చి, ఆ రెండింటినీ కలిపినప్పుడు మెరుపు ఎంత వేగంగా తగ్గుతుందో కొలిస్తే, కొవ్వు ఆమ్లం ప్రోటీను నుంచి పొరకు బదిలీ అయ్యే వేగం తెలుస్తుంది. ఇక్కడి కీలకమైన మెలకువ పొరసంచుల సంఖ్యను పెంచుతూ పోవడంలో ఉంది. ప్రోటీను ముందుగా తనలోని కొవ్వు ఆమ్లాన్ని నీటిలోకి వదిలి, అది తర్వాత పొరను చేరేట్లయితే, మొత్తం వేగాన్ని నిర్ణయించేది ఆ వదలడమే కనుక పొరసంచులు ఎన్ని ఉన్నా వేగం మారకూడదు. ప్రోటీను స్వయంగా పొరను తాకి అప్పగించేట్లయితే, తాకిడులు పెరిగిన కొద్దీ వేగమూ పెరగాలి. కాలేయపు ప్రోటీను మొదటి విధంగాను, పేగు, గుండె, కొవ్వు కణాల ప్రోటీన్లు రెండవ విధంగాను ప్రవర్తించాయి. ఇంత సరళమైన తర్కంతో ఇంత స్పష్టమైన భేదాన్ని వెలికితీసిన ప్రయోగాలు జీవరసాయన శాస్త్రంలో అరుదు.

తాకేది ప్రోటీనులోని ఏ భాగమన్నది తర్వాతి ప్రశ్న. సర్పిలాలను తొలగించి తయారు చేసిన పేగు ప్రోటీనును పరీక్షించగా, అది కొవ్వు ఆమ్లాన్ని పట్టుకోగలిగినా తాకిడి పద్ధతిని కోల్పోయి కాలేయపు ప్రోటీనులా నీటి ద్వారానే బదిలీ చేసిందని 1998లో వెల్లడైంది. అంటే ఆ మూత కేవలం కప్పి ఉంచేది కాదు, పొరను గుర్తించేదీ అదే. ఈ గుర్తింపులో విద్యుదావేశానికి పెద్ద పాత్ర ఉన్నది: ఋణావేశం గల ఫాస్ఫోలిపిడ్లను పొరలో చేర్చితే బదిలీ వేగం పెరుగుతుంది, గుండె ప్రోటీను ఉపరితలంపై ధనావేశం గల లైసిన్‌లను రసాయనికంగా తటస్థపరిస్తే ఆ ప్రభావం సన్నగిల్లుతుంది. ఋణావేశం గల కార్డియోలిపిన్ అనే ఫాస్ఫోలిపిడ్ మైటోకాండ్రియాలో ఉండటాన్ని బట్టి, తన శక్తిలో అధిక భాగాన్ని కొవ్వు ఆమ్లాల దహనం నుంచే పొందే గుండెలో ఈ ప్రోటీను సరాసరి అక్కడికే సరుకు చేరుస్తుందని అనుకోవాలనిపిస్తుంది. అయితే కార్డియోలిపిన్ ప్రధానంగా మైటోకాండ్రియా లోపలి పొరలో ఉంటుంది, కణద్రవంలోని ప్రోటీనుకు ఎదురుపడేది బయటి పొర; కనుక ఆ నిర్ణయానికి తొందరపడటం తగదు.

కృత్రిమ పొరసంచి సజీవ కణంతో సమానం కాదన్న హెచ్చరిక ఈ రంగమంతటికీ వర్తిస్తుంది. పేగు ప్రోటీను లేని ఎలుకలలో కూడా ఆహారపు కొవ్వు శోషణ ఆగిపోలేదని 2000లో వెలువడిన అధ్యయనం చూపినప్పుడు, పొరను తాకే సామర్థ్యానికి అసలు ప్రాధాన్యమే లేదా అన్న సందేహం కలిగింది. కాని పేగు కణంలో పేగు ప్రోటీను, కాలేయపు ప్రోటీను రెండూ కలిసే ఉంటాయి. 2013లో ప్రచురితమైన పరిశోధనలో కొవ్వు అధికంగా గల ఆహారం పెట్టినప్పుడు, కాలేయపు ప్రోటీను లేని ఎలుకలు మామూలు ఎలుకల కంటే బరువెక్కగా, పేగు ప్రోటీను లేనివి మామూలు ఎలుకల కంటే సన్నగా ఉండిపోయాయి. ఒకదాని పనిని మరొకటి పూర్తిగా భర్తీ చేయగలిగితే ఇంతటి వ్యత్యాసం రాదు. రెండు ప్రోటీన్ల పనులు వేరన్నది దీనితో రుజువైనట్లే. ఆ వేరుపాటుకు పొరను తాకే తీరే కారణమా అన్నది మాత్రం సజీవ కణంలోనే కొలిచి తేల్చవలసి ఉంది, జీవరసాయన శాస్త్రాన్ని వృత్తిగా ఎంచుకొంటున్న యువతీ యువకులు ఆ పనికి పూనుకోవాలి.