చక్రానికి అడ్డు



ఘాటు రోడ్డు మీద లారీ ఆగితే క్లీనర్ ఏం చేస్తాడు? గబుక్కున దిగి చక్రం కింద రాయి పెడతాడు. ఎందుకు? బండి వెనక్కి జారకుండా.

ఆ రాయే పట్నంలో కొత్త రూపం ఎత్తింది.

హైదరాబాదులో మాదాపూర్ ఉంది కదా! అక్కడ సైబర్ టవర్స్ అనే మేడ ఉంది. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి దాన్ని ప్రారంభించారు. ఆ తర్వాత హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు అద్దాల మేడలు లేచాయి. మేడల కింద సెల్లార్లు. కార్లు అక్కడ నిలుపుతారు.

సెల్లారు ఊడ్చేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. కారుకూ గోడకూ మధ్య వంగి ఊడుస్తారు. అప్పుడు డ్రైవరు చూడకుండా కారు వెనక్కి తీస్తే? మనిషి నలిగిపోతుంది.

అందుకే నేల మీద ఒక దిమ్మ బిగిస్తారు. దాన్ని వీల్ స్టాపర్ అంటారు. రబ్బరుతోనో, సిమెంటుతోనో చేస్తారు. ఎత్తు సుమారు 4 అంగుళాలు. ఇంకా ఎత్తుగా ఉంటే కారు అడుగు భాగం గీసుకుంటుంది. నలుపు, పసుపు చారలు ఉంటాయి. చీకట్లో కూడా కనబడాలి కదా!

దిమ్మను గోడకు ఆనించి పెట్టకూడదు. కారు వెనక భాగం చక్రం దాటి బయటికి ఉంటుంది. దిమ్మ గోడ దగ్గర ఉంటే, చక్రం ఆగక ముందే కారు గోడకు గుద్దుకుంటుంది. అందుకే సుమారు 3 అడుగులు వదులుతారు. మనుషులు నడిచే దారి ఉంటే ఇంకా ఎక్కువ వదలాలి.

ముందు నేల ఊడవాలి. టేపుతో కొలిచి గీత గీయాలి. దిమ్మ పెట్టి, డ్రిల్లుతో నేలకు రంధ్రాలు వేయాలి. లోపలి దుమ్ము తీసేయాలి. దుమ్ము ఉంటే బోల్టు పట్టదు. దిమ్మ ఊగుతుంది. బోల్టు పైకి లేస్తుంది. కాలికి తగిలి మనిషి పడుతుంది.

జాగ్రత్త! నేలలో కరెంటు తీగలు, పైపులు ఉండవచ్చు. ఇంజనీరును అడిగాకే రంధ్రం వేయాలి. సిమెంటు దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి.

ఇంకో మాట. వేగంగా వచ్చే కారును ఈ దిమ్మ ఆపలేదు. మెల్లగా వచ్చే కారునే ఆపుతుంది. కారు కదులుతుంటే దాని వెనక నిలబడవద్దు.

ఈ పనికి మేస్త్రీతో ఒక కూలి అక్క వెళ్లిందనుకోండి. అంకెలు రాకపోతే ఆమె టేపు కొస పట్టుకుంటుంది, అంతే. అంకెలు వస్తే? "మేస్త్రీ, ఇక్కడ 2 అడుగులే ఉంది. ఇంకో అడుగు జరపాలి" అంటుంది. ఆ ఒక్క అడుగు రేపు ఊడ్చే మరో అక్కను కాపాడుతుంది.

ఒకే పనికి ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే కూలి ఇవ్వాలి. 1976లోనే ఆ చట్టం వచ్చింది. 2019 నాటి వేతనాల చట్టం కూడా అదే చెబుతోంది.

టేపు చదవండి. కూలి లెక్క కూడా చదవండి.