సరిహద్దు గీత – ఇంటి భాష

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో, రైల్వే పనికి తరలివచ్చిన కుటుంబాల పిల్లలు బెంగాల్‌లో ఉంటూనే ఇంట్లో తెలుగు మాట్లాడతారు. మరి, పటంలోని గీత భాషను ఆపుతుందా?

బెల్జియంకు చెందిన బార్లే-హెర్టోగ్ ఊరు ముక్కలు ముక్కలుగా నెదర్లాండ్స్ లోపల ఉంది. అక్కడ వీధి గుమ్మం ఏ దేశంలో ఉంటే ఇల్లు ఆ దేశానిది. ఇరువైపులా మాట్లాడేది మాత్రం డచ్చి భాషే.

మన యానాం చూడండి. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పాలన సుమారు 870 కిలోమీటర్ల దూరంలోని పుదుచ్చేరిది. ఫ్రెంచి పాలన 1954లో ముగిసింది. 1956లో భాషల ప్రకారం రాష్ట్రాలు ఏర్పడ్డాయి. అదే ఏడాది ఫ్రాన్స్‌తో కుదిరిన ఒప్పందం, ప్రజల అభీష్టం తెలుసుకోకుండా అక్కడి ప్రత్యేక పాలనను మార్చరాదంది. అందుకే యానాం విడిగా ఉండిపోయింది. అయినా అక్కడి ఊరిమాట తెలుగే.

గీతలు గీసేది ప్రభుత్వాలు. భాషను నిలిపేది మాట్లాడేవారు. న్యూ సెటిల్‌మెంట్‌లో ఆ పని మీది.